తొలకరికి కుడిపక్కన

మూడువందల పదకొండో పొర వేసినప్పుడు తొలకరి తల తిప్పింది.

అప్పటిదాకా తెర మీద ఉన్నది పొగమంచులో కూర్చున్న ఒక ఆడమనిషి ఆకారం మాత్రమే. ఒక భుజం, ఒక జారుముడి, ఒళ్లో దేన్నో పట్టుకుని కదులుతున్న చేతులు. ఉన్నట్టుండి ఆ పొగ పలచబడింది. మనిషి కుడిచెవిని ఇటు తిప్పి, ఎవరో అన్న మాట సరిగా అందక మళ్లీ అడుగుతున్నట్టు కాస్త ముందుకు వంగింది. తర్వాత నవ్వింది. నవ్వేటప్పుడు కింది పెదవిని పంటితో నొక్కిపట్టింది. అంతా కలిపి పన్నెండు సెకన్లు. ఆ తర్వాత తెర మళ్లీ తెల్లబడిపోయింది.

మందాకిని చాలాసేపు ఆ తెల్లటి తెరనే చూస్తూ ఉండిపోయింది. కిటికీలోంచి ఉదయపు ఎండ, కొండ కింద సముద్రం, రేవు వైపు నెమ్మదిగా పోతున్న ఓడ కనిపిస్తున్నాయి. అవన్నీ ఉన్నచోటే ఉన్నాయి. లోకంలో ఎన్నడూ పుట్టని ఒక మనిషి మాత్రం ఇప్పుడే తన వైపు తిరిగి నవ్వి వెళ్లిపోయింది.

తొలకరి నవలలో మనిషి. సువర్చల అనే రచయిత్రి పాతికేళ్ల కిందట రాసిన ‘మబ్బుసీమ’ నవలల్లో ఉంటుంది. ఆ సీమలో ఊళ్లు నేల మీద ఉండవు, మబ్బులకి తాళ్లు కట్టుకుని వేలాడుతుంటాయి. గాలులు పశువుల్లా మందలుగా తిరుగుతాయి. తప్పిపోయిన గాలులకోసం తొలకరి వలలు అల్లుతుంది, దొరికినవాటిని నిమిరి, బెదురు తీర్చి, మళ్లీ మందలో కలుపుతుంది. ఆమె రాణి కాదు, మంత్రగత్తె కాదు. కథ నడిచేది కూడా ఆమె వల్ల కాదు. మూడో నవలలో ఒక గాలిదూడ తుపానులో చిక్కుకుంటే దాన్ని తోలుకొస్తానని మబ్బుల్లోకి వెళ్తుంది, మళ్లీ రాదు. ఆ పుస్తకం వచ్చిన ఏడాది వేలమంది పాఠకులు రచయిత్రికి ఉత్తరాలు రాశారు. తొలకరి చచ్చిపోయిందా, ఉందా అని ఒకటే ప్రశ్న. ఆవిడ ఒక్కదానికీ జవాబివ్వలేదు.

విశాఖపట్నంలో కొండ మీదున్న ఆ పరిశోధన కేంద్రంలో మందాకిని పని, మనకు తెలిసిన మనుషుల్ని బుర్ర ఎక్కడ, ఎలా దాచుకుంటుందో కనిపెట్టడం. అక్కడివాళ్లు ‘పొరల అద్దం’ అని పిలుచుకునే యంత్రం తయారుచేసింది ఆమే. పాఠకుడు తలకి పట్టీ పెట్టుకుని పడుకుంటాడు. నవలలోంచి రెండు పేజీలు వినిపిస్తారు. వింటున్నప్పుడు అతని మనసులో కదిలే మనిషిని యంత్రం తెర మీదికి లాగుతుంది. ఒక్కరి బొమ్మ అద్దం మీద ఊపిరి ఆవిరి పట్టినంత మసగ్గా వస్తుంది. అందుకని వందలమంది బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పొరలుగా పరుస్తారు. అందరిలోనూ ఉన్నది నిలుస్తుంది, ఎవరిది వారికే సొంతమైనది కరిగిపోతుంది.

ఏమీ నిలవదనే మందాకిని అనుకుంది. మబ్బుసీమ రాజు విషయంలో అదే జరిగింది. పొరలు పెరిగేకొద్దీ రాజు చెదిరిపోయి చివరికి బూడిదకుప్పయ్యాడు. ఎందుకంటే ఒకరి రాజుకి వాళ్ల పెద్దనాన్న మీసాలున్నాయి, ఇంకొకరి రాజు వాళ్ల హెడ్మాస్టరులా దగ్గాడు. పుస్తకం ఎముకలు మాత్రమే ఇస్తుంది, రక్తమాంసాలు మనం మనవాళ్లనుంచి తెచ్చి పెడతాం, అందుకే నవలల్లో మనుషులు నిజమనిపిస్తారు. ఆ మాటే ఆమె తన వ్యాసంలో రాసుకుంటోంది. సగం పైగా రాసేసింది కూడా.

తొలకరి ఒక్కతే దానికి ఎదురు తిరిగింది. మనుషులు పెరిగేకొద్దీ మసకబారాల్సింది పోయి తేటపడింది. ఆ వాలిన తల, ఆ పెదవి నొక్కుడు నవ్వు మూడు నవలల్లోనూ ఎక్కడా లేవు. ఆ నవలలు మందాకినికి దాదాపు కంఠతా వచ్చు.

వచ్చు అంటే ఊరికే రాలేదు. పదకొండో ఏట ఆమెకి కీళ్లజ్వరం వచ్చి గుండెకి పాకితే, ఏడాదిపాటు మంచం దిగకూడదన్నారు డాక్టర్లు. అందులో నాలుగు నెలలు ఆసుపత్రి వార్డులోనే గడిచాయి. ఆ ఏడాదంతా ఆమెకి తోడుగా ఉన్నది తొలకరి. మంచం పక్కన కూర్చుని వల అల్లుకుంటూ, ‘పోయిన గాలి ఎక్కడికి పోతుందే పిల్లా, అలిసిపోతే అదే వస్తుంది’ అనేది. ఆ తొలకరికి వార్డులో ఆయా ఈరమ్మ చేతులుండేవి. పాప ముఖం కడిగేముందు నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో తన చెంప మీద చూసుకునే చేతులు.

మందాకిని ఇప్పుడు తన తొమ్మిదేళ్ల కూతురు చిన్మయికి ఆదివారం మధ్యాహ్నాలు మబ్బుసీమ చదివి వినిపిస్తోంది. ఆ వారం తొలకరి వచ్చే చోటు తెరిచి చదవబోయి ఆగిపోయింది. పదాలు కనిపిస్తున్నాయి, తొలకరి కూడా కనిపిస్తోంది. కానీ ఆ కనిపించేది తెర మీది మనిషి. ఈరమ్మ చేతులకోసం వెతికింది. చేతులు లేవు. చెంప మీద నీళ్లు చూసుకోవడం ఒక వాక్యంలా గుర్తుంది తప్ప, ఈరమ్మ ముఖం ఎలా ఉండేదో ఎంత తలుచుకున్నా రాలేదు. తలనొప్పిగా ఉందని కూతురికి చెప్పి పుస్తకం మూసేసింది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి, పారుతున్న నీళ్ల కింద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. పాతికేళ్లు తన దగ్గరున్న మనిషిని పన్నెండు సెకన్లకి ఇచ్చుకుంది.

మర్నాడే ఆమె పెన్సిలు పట్టుకుని మూడు నవలలూ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. తొలకరితో ఎవరు మాట్లాడినా ఆ చోట గీత గీసింది. నాలుగు రోజులకి విషయం బయటపడింది. నలభై ఒక్క చోట్ల మనుషులు తొలకరితో మాట్లాడతారు. ముప్ఫై ఎనిమిది చోట్ల ఆమెకి కుడిపక్కకి వచ్చి మాట్లాడతారు. రాజు గుర్రం దిగి చుట్టూ తిరిగి అటు వస్తాడు. పిల్లలు ఆ పక్కనే కూర్చుంటారు. గాలిదూడ కూడా మూతి పెట్టేది కుడిభుజం మీదే. తొలకరికి ఎడమచెవి వినిపించదని ఎక్కడా రాసిలేదు. కానీ ఆమె చుట్టూ ఉన్న లోకమంతా ఆ సంగతి తెలిసినట్టే మసలుతోంది. పాఠకులెవరూ దాన్ని గమనించలేదు, వాళ్ల మనసులు గమనించాయి. ఇలాంటివి ఇంకా ఎన్ని వాక్యాల సందుల్లో ఇమిడిపోయి మూడువందలమందిలోకి దిగాయో! ఆ పెదవి నొక్కుడు ఏ వాక్యంలోంచి జారిందో మందాకినికి ఎంత వెతికినా దొరకలేదు.

ఒకటి మాత్రం తేలింది. తొలకరి ఊహలోంచి పుట్టలేదు. ఎవరో ఉన్నారు.

కేంద్రం అధిపతి పద్మనాభరాజు గారు ఆ పన్నెండు సెకన్లు చూసి పసిపిల్లాడిలా సంబరపడ్డారు. ఆయనా మబ్బుసీమ పాఠకుడే. వచ్చే నెల జరిగే పాఠకుల సభలో పెద్ద తెర మీద తొలకరిని అందరికీ చూపిద్దామన్నారు. పాతికేళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లకి ఇంతకంటే ఏం కావాలన్నారు. రచయిత్రిని ఒక్కమాట అడగాలంది మందాకిని. అడిగి రమ్మన్నారాయన.

సువర్చల గారు భీమిలిలో ఒక సందు చివర చిన్న డాబా ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. చాలాకాలం బడిలో భూగోళం చెప్పి రిటైరయ్యారు. అరవైనాలుగేళ్లు. మందాకిని వెళ్లేసరికి వరండాలో కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతున్నారు. రచయిత్రిని కలవడానికి వచ్చేవాళ్లంటే ఆవిడకి విసుగని మందాకిని వినే ఉంది. యంత్రం గురించి చెబుతున్నంతసేపూ ఆవిడ తల ఎత్తలేదు, కాయల మీదినుంచి చూపు తిప్పలేదు. వెంట తెచ్చిన టాబ్లెట్ మీద బొమ్మ పెట్టాక మాత్రం కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

పన్నెండు సెకన్లూ అయిపోయాయి. తీసెయ్యమన్నారావిడ. మందాకిని టాబ్లెట్‌ని చేతిలోకి తీసుకుంది. కాసేపాగి, మళ్లీ పెట్టమన్నారు. ఈసారి కత్తిపీట పక్కకి నెట్టి, లేచి, ఆ బొమ్మకి కుడిపక్కకి జరిగి కూర్చున్నారు. తను అలా జరిగినట్టు ఆవిడకే తెలిసినట్టు లేదు.

“నూకాలు,” అన్నారు.

తర్వాత చెప్పిందంతా ఎండ వరండాలోంచి గోడ మీదికి ఎక్కేదాకా సాగింది.

సువర్చల తండ్రి గవ్వలపాలెం దగ్గర లైట్‌హౌసులో ఉద్యోగి. చుట్టుపక్కల ఇంకో ఇల్లు లేదు. తల్లి ఎప్పుడూ జబ్బుమనిషే. పొద్దునా సాయంత్రం పల్లెనుంచి నూకాలు వచ్చి నీళ్లు మోసేది, సువర్చలకి జడ వేసేది. మిగతా పొద్దంతా ఇసకలో కూర్చుని వలలు బాగుచేసుకునేది. చిన్నప్పుడు ఏదో జ్వరానికి ఎడమచెవి పోయింది. అందుకని ఆమెతో మాట్లాడాలంటే ఎవరైనా చుట్టూ తిరిగి కుడిపక్కకి వెళ్లాలి. సువర్చలకి మాటలొచ్చినప్పటినుంచీ అది నడక నేర్చినంత అలవాటు. వలలో గాలి పడుతుందనీ, చెవి ఆనిస్తే అది ఏ దేశంనుంచి వచ్చిందో చెబుతుందనీ ఆ పిల్లకి చెప్పింది నూకాలే.

సువర్చలకి ఎనిమిదేళ్లప్పుడు తుపాను వచ్చింది. మధ్యాహ్నం తండ్రికి వైర్‌లెస్‌లో కబురందింది. లైట్‌హౌసులో ఉన్న ఇద్దరు పనివాళ్లనీ కబురు చెప్పమని పల్లెకి తరిమాడు. కూతుర్ని పిలిచి, ఇసకదిబ్బ దాటితే నూకాలు కనిపిస్తుంది, తొందరగా తీసుకురమ్మన్నాడు. పిల్ల పరిగెత్తింది. దిబ్బ ఎక్కేసరికి సముద్రం లేచి ఉంది. అంత ఎత్తు నీటిని అంతకుముందెప్పుడూ చూడలేదు. నూకాలు వీపు ఇటు పెట్టి వల చుట్టుకుంటోంది.

“భయమేసింది. దిగలేకపోయాను,” అన్నారు సువర్చల గారు. “అక్కడినుంచే పిలిచాను, ఒక్కసారి. ఎడంపక్కనుంచి పిలిచానమ్మా. ఆ పక్క వినపడదని నాకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? ఇంకో పదడుగులు దిగి అటు వెళితే చాలు. వెనక్కి పరిగెత్తుకొచ్చేశాను. నాన్న అడిగితే, ‘చెప్పాను, వల చుట్టుకుని వస్తానంది’ అన్నాను.”

నూకాలు రాలేదు. వల కూడా దొరకలేదు.

అందుకే రాశారా అని మందాకిని అడిగింది. ఆవిడ కత్తిపీటని మళ్లీ ముందుకు లాక్కున్నారు. నూకాలు గురించి రాస్తున్నానని తనకి తెలుసునన్నారు. కానీ అందర్నీ కుడిపక్కకే నడిపించానని మాత్రం మందాకిని చెప్పేదాకా తెలియదన్నారు. మూడు నవలలు రాసి, అందులో రాజులకీ పిల్లలకీ దూడలకీ చేయించినది, తను ఆ రోజు చెయ్యలేని ఆ పదడుగుల నడకేనా అని తనలో తానే అనుకున్నట్టు అన్నారు.

నూకాలుకి ఒక కూతురుంది. పైడమ్మ. అప్పటికి మూడేళ్లది. సువర్చల గారు ఏటా ఆ తుపాను రోజున గవ్వలపాలెం వెళ్లి, టీకొట్టు దగ్గర నిలబడి, దూరంనుంచి పైడమ్మని చూసి వచ్చేస్తారట. యాభై ఆరేళ్లలో ఒక్కసారీ మాట్లాడలేదు. ఆ పల్లెలో తుపానుకి ముందు ఎవరూ ఫొటో తీయించుకున్నవాళ్లు లేరు. పైడమ్మకి తల్లి ముఖం తెలియదు.

“ఈ బొమ్మ మీ సభకి కాదు, నాకూ కాదు. ఆ పిల్లది,” అన్నారు. అరవైకి దగ్గరపడ్డ మనిషిని ఆవిడ ఇంకా పిల్ల అనే అంటున్నారు.

తిరిగి వచ్చి ఈ సంగతి పద్మనాభరాజు గారికి ఎలా చెప్పాలా అని మందాకిని దారంతా మథనపడింది. సభకి ఆహ్వానాలు అచ్చయిపోయాయి. ఇది ఆగిపోతే పొరల అద్దం పని కూడా ఆగిపోవచ్చు. ఆ యంత్రం మీద ఆమెవి తొమ్మిదేళ్లు ఖర్చయ్యాయి.

ఆయన అంతా విని, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. చిన్నప్పుడు తనని పెంచింది వదిన అనీ, మబ్బుసీమ చదివినప్పుడల్లా తొలకరి మాటలు వదిన గొంతులో వినపడేవనీ చెప్పారు. ఆవిడ పోయి పదిహేనేళ్లయినా ఆ పుస్తకం తెరిస్తే చాలు, పలికేదట.

“ఆ బొమ్మ చూసినప్పటినుంచీ పలకడం లేదమ్మా,” అన్నారు. “అలసటేమో అనుకున్నాను. నీకూ అంతేనా?”

అంతేనంది మందాకిని. కేంద్రానికి వచ్చి బొమ్మ చూసి వెళ్లిన పాఠకులు నలభైమంది ఉన్నారు. ఆ సాయంత్రంలోగా అందరికీ ఫోన్లు చేసి అడిగారు. ముప్ఫై ఏడుగురు ఒకటే మాట చెప్పారు. కొందరికి అది పోయినట్టు ఫోన్లో అడిగినప్పుడే తెలిసింది. ఒకరికి అక్క, ఒకరికి చదువుచెప్పిన టీచరు, ఒకరికి ఎప్పుడో రైల్లో ఎదురుగా కూర్చున్న ఎవరో. వాళ్లందరూ తొలకరి అనే గూట్లో ఇన్నాళ్లూ భద్రంగా ఉన్నారు. ఇప్పుడా గూడు ఖాళీ అయింది. మందాకిని వ్యాసంలో సగం నిజమేనని దానితో రుజువైంది. రచయిత్రి తన మనిషిని దాచిపెట్టింది, పాఠకులు వాళ్ల మనుషుల్ని తెచ్చి ఆమె పక్కన కూర్చోబెట్టారు. ఇద్దరూ ఒకే ఒంట్లో ఉన్నంతకాలం ఎవరూ ఎవర్నీ తరమలేదు. తరిమింది యంత్రం.

పద్మనాభరాజు గారు సభలో బొమ్మ ఉండదని ఆ పూటే కబురు పంపారు. యంత్రాన్ని ఇంకొక్కసారి నడిపి ఆపేద్దామన్నారు. ఆ ఒక్కసారీ సువర్చల గారికోసం.

ఆవిడే అడిగారు. బొమ్మలో కళ్లు కాస్త ఎడంగా పడ్డాయనీ, నూకాలు కళ్లు దగ్గర దగ్గరగా ఉండేవనీ, పైడమ్మకి తప్పుడు ముఖం ఇవ్వనని పట్టుబట్టారు. తన పొర కూడా వెయ్యమన్నారు. అలా చేస్తే తర్వాత ఆవిడ దగ్గర ఆవిడ నూకాలు మిగలకపోవచ్చని మందాకిని చెప్పింది, నలభైమంది సంగతీ చెప్పింది.

“యాభై ఆరేళ్లు నేనొక్కదాన్నే ఉంచుకున్నానుగా,” అన్నారావిడ, పట్టీ తలకి తనే పెట్టుకుంటూ.

మూడువందల పన్నెండో పొరకి నవల చదవలేదు. గదిలో దీపాలు తగ్గించి, ఆవిడ్ని ఊరికే తలుచుకోమన్నారు. తెర మీద ముందు ఇసక వచ్చింది. పాఠకులెవ్వరూ ఇవ్వనిది ఇసకే. తర్వాత గాలికి ఎగిరే నీరుకావి చీర కొంగు, ఎండలో మెరిసే వల, దాని మీద వేగంగా ఆడే వేళ్లు. ముఖం ఇటు తిరిగింది. కళ్లు దగ్గరకొచ్చాయి. పొగ ఇక ఎక్కడా లేదు. పన్నెండు సెకన్లు కాస్తా నలభై అయ్యాయి. పడుకున్న మనిషి కళ్లు మూసుకునే ఉంది, చెంపల మీదినుంచి చెవుల్లోకి నీళ్లు కారుతున్నాయి.

పైడమ్మని తీసుకురావడానికి మందాకినే గవ్వలపాలెం వెళ్లింది. వాళ్లమ్మ గురించి తెలిసిన ఒకావిడ ఉన్నారని మాత్రం చెప్పింది. బక్కపలచటి మనిషి, చేపలబుట్ట మోసి మోసి కాస్త ఒంగిన మెడ.

కేంద్రం నడవాలో బెంచీ మీద సువర్చల గారు ఎదురుచూస్తున్నారు. బొమ్మ చూపించాక చెప్పొచ్చు కదా అని మందాకిని అన్నా వినలేదు. ముందు చెప్పాల్సిందేనన్నారు. చెప్పారు. లైట్‌హౌసు, ఇసకదిబ్బ, ఎడంపక్క, తండ్రితో ఆడిన అబద్ధం. దేన్నీ తగ్గించలేదు, క్షమించమనీ అడగలేదు.

పైడమ్మ లేచి, నడవా చివరిదాకా నడిచి, గోడకేసి తిరిగి నిలబడింది. మందాకిని వెళ్లబోతే సువర్చల గారు చెయ్యి పట్టి ఆపారు. చాలాసేపటికి ఆమె వెనక్కి వచ్చింది. వచ్చిన మనిషి ముఖంలో కోపం ఉంది. కానీ అది పాత కోపం, ఎప్పటినుంచో మోస్తున్నది.

“అందరూ సెప్పినా రాలేదన్నారు నాకు,” అంది. “లైటవుస్ బాబు పిల్లని పంపాడు, పిల్ల సెప్పింది, అయినా వల వదల్లేక కూకుంది అన్నారు. నాను అలాగే పెరిగానమ్మా. మాయమ్మకి నాకంటే వలే ఎక్కువైపోనాదనుకున్నాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఒక్కనాడు ఆమె పేరెట్టి ఏడవలేదు. కూతురికి ఆమె పేరు ఎట్టమంటే ఎట్టనన్నాను.”

సువర్చల గారు ఆమెకేసి చూశారు. తన అబద్ధం సముద్రందాకానే వెళ్లి ఆగిపోయిందని ఇన్నేళ్లూ అనుకున్నారావిడ. అది ఆ సాయంత్రమే పల్లెలోకి కూడా వెళ్లిందనీ, మూడేళ్ల పిల్ల పక్కలో పడుకుని ఆ పిల్లతోపాటే పెరిగిందనీ ఇప్పుడు తెలిసింది.

“ఆమెకి వినపడలేదు పైడమ్మా,” అన్నారు. “వినపడితే వల అక్కడే పారేసి నీ దగ్గరికి పరిగెత్తేది. నీకు ఒంట్లో బాలేదని కబురొస్తే సగం జడ వదిలేసి పోయేది. నాకు తెలుసు, ఆ సగం జడతో బడికెళ్లింది నేనే.”

పైడమ్మ కూర్చుంది. పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయిగాని చప్పుడు లేదు. అరవై ఏళ్లకి దగ్గరపడి ఆ మనిషి మొదటిసారి తల్లికోసం ఏడుస్తోందని మందాకినికి అర్థమై, అక్కడినుంచి తప్పుకుంది.

తర్వాత ముగ్గురూ లోపలికి వెళ్లారు. పైడమ్మ తెరకి ఎదురుగా నేల మీదే కూర్చుంది, కుర్చీ వద్దంది. ఇసక వచ్చింది, కొంగు వచ్చింది, వల వచ్చింది. నూకాలు తల వంచి, ఇటు తిరిగి, పెదవి నొక్కి నవ్వింది. నలభై సెకన్లూ పైడమ్మ రెప్ప వెయ్యలేదు.

“ఏటమ్మా ఇది,” అంది మెల్లగా. “ఇంత సిన్నపిల్లా మాయమ్మ?”

నూకాలుకి అప్పటికి ఇరవై నాలుగో, ఇరవై అయిదో. పైడమ్మ ఆఖరి కూతురికే ఇప్పుడు ముప్ఫై దాటాయి. ఆమె మోకాళ్ల మీద తెర దగ్గరికి జరిగి, ఎండకి మాడిన ఆ లేత ముఖాన్ని వేలితో తడిమి, ఆ పిల్ల తిండి తినేదా, నీళ్లు మోస్తుంటే మీ ఇంట్లో ఏమైనా పెట్టేవారా అని సువర్చల గారిని అడిగింది. పెట్టేవాళ్లం, చద్దన్నం, ఆవకాయ, కానీ సగం మూటకట్టుకుని నీకు తెచ్చేది అన్నారు సువర్చల గారు.

యంత్రం ఆ రోజుతో ఆగిపోయింది. పైడమ్మకోసం ఒక ఫొటో అచ్చు తీసి, పొరలన్నీ చెరిపేశారు. మందాకిని వ్యాసం అచ్చు కాలేదు, తొమ్మిదేళ్ల పని ఒక బీరువాలోకి వెళ్లింది. ఇప్పుడామె ఇంకేదో చిన్న పని మీద ఉంది. ఈరమ్మ ముఖం తిరిగి రాలేదు. పద్మనాభరాజు గారి వదినా పలకలేదు. సువర్చల గారికి మాత్రం పోయింది వేరొకటి. యాభై ఆరేళ్లుగా కళ్లు మూసుకుంటే కనిపించే ఆ వీపు ఇప్పుడు కనిపించడం లేదని ఒకరోజు ఫోన్లో చెప్పారు. ఆ మాట చెబుతున్న గొంతులో తేలికతోపాటు, ఏదో పోగొట్టుకున్న బెంగ కూడా ఉంది.

ఆ చలికాలం ఒక ఆదివారం పైడమ్మ రమ్మని కబురు పెట్టింది. మందాకిని వెళ్లేసరికి సువర్చల గారు అక్కడే ఉన్నారు. ఇద్దరూ గుమ్మంలో చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. గోడకి నూకాలు ఫొటో ఉంది. దండ వెయ్యలేదు. అంత చిన్నదానికి దండేమిటంది పైడమ్మ. కబురు పెట్టింది ఎందుకంటే, తనకి చదువు రాదు, వాళ్లమ్మ ఉన్న ఆ పుస్తకం ఎవరైనా చదివి వినిపిస్తే వినాలని ఉంది. రాసినావిడ్ని చదవమంటే రెండు వాక్యాలకే పుస్తకం మూసేస్తున్నారట.

మందాకిని మొదటి నవల తెరిచింది. సముద్రం మీద తెల్లటి మంచు ఇంకా లేవలేదు. తీరమూ పడవలూ అందులో మునిగిపోయి, ఇళ్ల కప్పులు మాత్రం మబ్బుల్లో వేలాడుతున్నట్టున్నాయి. మబ్బుసీమ, తాళ్ల వంతెనలు, గాలుల మందలు. పైడమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. తొలకరి వచ్చేసరికి ఫొటో వైపు చూసి, మళ్లీ మందాకిని వైపు తిరిగి కూర్చుంది. పదహారో పేజీలో రాజు వచ్చి, నీ వలలో నా గాలి పడిందని గద్దిస్తాడు. తొలకరి చేతులు జోడించి, ‘తప్పయింది ప్రభూ, తీసుకుపోండి’ అంటుంది.

“ఆగమ్మా,” అంది పైడమ్మ.

మందాకిని ఆగింది.

“మాయమ్మ అలగ అనదు.”

మూడేళ్లకే తల్లి పోయిన మనిషి అంత గట్టిగా ఆ మాట అనేసరికి, సువర్చల గారు ఆమె ముఖంలోకి తేరిపారా చూశారు. తర్వాత మందాకిని చేతిలోంచి పుస్తకం తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, సంచీలో కలంకోసం వెతుక్కున్నారు. పాతికేళ్ల కిందటి తన వాక్యాన్ని అడ్డంగా కొట్టేసి తలెత్తారు.

“మరేమంటుంది?”

పైడమ్మ కాళ్లు చాపుకుని, సర్దుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.